ఇళ్ల జోన్‌లో 40 శాతం ఖాళీ స్థలం నిబంధన: సమర్థించాలా, వ్యతిరేకించాలా?

వేపచెట్టు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మేముంటున్న వైపు నివాస జోన్ నిబంధనలు మారుస్తున్నారు. ఇప్పటిదాకా ఏ ప్లాటూ ఎకరానికి తగ్గకూడదు. కొత్త ముసాయిదా ప్రకారం లేఅవుట్‌లో 40 శాతం భూమిని ఖాళీగా వదిలితే ప్లాట్లను మూడో వంతు ఎకరం దాకా తగ్గించుకోవచ్చు. ఇళ్ల సంఖ్య మాత్రం పాత లెక్క దాటకూడదు.

మొదటిసారి చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. మా ఇంటి వెనక 60 ఎకరాల బీడు ఉంది. దాని అంచున వాగు, వాగు వెంట పెద్ద చెట్లు. రోజూ పొద్దున్నే అటే నడుస్తాను. ఎప్పటికైనా అది లేఅవుట్ అవుతుందని తెలుసు. కొంతైనా మిగులుతుందేమోనని ఆశ పుట్టింది. రెండోసారి చదివాక టెన్షన్ మొదలైంది. 'ఖాళీ స్థలం' గురించి ఉన్నవి రెండే వాక్యాలు. ఎక్కడ వదలాలి, ఎవరి పేరున ఉంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత దాని సంగతేమిటి అన్నది ఎక్కడా లేదు. అభ్యంతరాలు పంపడానికి రెండు వారాలే గడువు. సమర్థిస్తూ రాయాలా, వ్యతిరేకిస్తూ రాయాలా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వే_గొలుసు | సోమవారం, ఉదయం 9:05

వ్యతిరేకించకండి. అలాగని ఉన్నదున్నట్టు ఒప్పుకోనూ వద్దు. చాలాకాలం లేఅవుట్ నక్షాలు గీసిన అనుభవంతో చెబుతున్నాను, ఇలాంటి నిబంధన మంచీ చెడూ దాని లెక్కల్లోనే ఉంటుంది.

శాతం ఎంత అన్నదానికన్నా ముందు, ఆ శాతం దేనిమీద లెక్కిస్తారో చూడాలి. మీ 60 ఎకరాలే తీసుకుందాం. వాగు ముంపు భూమి, చిత్తడి కలిపి 12 ఎకరాలు అనుకోండి. అక్కడ ఎలాగూ ఎవరూ ఇల్లు కట్టలేరు. మిగిలింది 48. రోడ్లకు 5 పోతే 43. అంటే పాత ఎకరం నిబంధన కింద అక్కడ నిజంగా పట్టేవి 43 ఇళ్లు.

ఇప్పుడు ముసాయిదా లెక్క చూడండి. 60లో 40 శాతం అంటే 24 ఎకరాలు. అందులో ఆ 12 ఎకరాల ముంపు భూమిని కలుపుకోనిస్తే, కట్టదగిన భూమిలో కొత్తగా మిగిలేది 12 ఎకరాలే. తక్కిన 36 ఎకరాల్లో రోడ్లకు నాలుగైదు తీసేసి 43 ఇళ్లకు పంచితే ఇంటికి దాదాపు ముప్పావు ఎకరం వస్తుంది. బిల్డర్ ప్లాట్లను మూడో వంతుకు తగ్గించాల్సిన అవసరమే రాదు. మీ బీడులో చాలా భాగం పెద్ద పెద్ద ప్లాట్లుగా మారిపోతుంది, 'పరిరక్షించిన స్థలం'లో సగం ఎలాగూ కట్టలేని వాగు గట్టే అవుతుంది.

అందుకని ఇలా అడగండి: ముంపు, చిత్తడి, నిట్టనిలువు వాలు ముందుగా పక్కన పెట్టాలి, అవి ఎలాగూ ఖాళీగానే ఉండాలి. మిగిలిన కట్టదగిన భూమిలో సగం వదలాలి. మీ లెక్కలో 48లో 24, దానికి 12 కలిపితే 36 ఎకరాలు. ఇళ్లకూ రోడ్లకూ 24. రోడ్లకు నాలుగు తీసేసినా ఇంటికి అర ఎకరానికి కాస్త తక్కువగా వస్తుంది. అదే 43 ఇళ్లు, బిల్డర్‌కు ఒక్క ఇల్లూ తగ్గలేదు. మిగిలిన కట్టదగిన భూమి మాత్రం 12 నుంచి 24 ఎకరాలయింది.

ఇంకో చిల్లు కూడా ఉంది. 'పాత లెక్క' అంటే ఏది? 60 ఎకరాలు కాబట్టి 60 ఇళ్లు అని వాదిస్తే, చప్పుడు లేకుండా 17 ఇళ్లు అదనంగా వచ్చేస్తాయి. పాత నిబంధన ప్రకారం ముంపు, వాలు, రోడ్లు అన్నీ చూపిస్తూ ఎన్ని ఇళ్లు పడతాయో ముందు ఒక నక్షా గీసి ఇవ్వాలి. దాన్ని యీల్డ్ ప్లాన్ అంటారు. అది తప్పనిసరి చేయమనండి.

ఇంటిపెద్ద | సోమవారం, ఉదయం 11:30

నా అభిప్రాయం వేరు. మాది ఎకరం ప్లాట్. పక్కింటి కిటికీ నా వాకిట్లోకి తెరుచుకోకూడదనే అప్పు చేసి మరీ కొన్నాను. ఇళ్లన్నీ ఒక మూలకు గుంపుగా చేర్చి, మిగతాది 'అందరిదీ' అంటే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. నా ఎకరంలో చెట్లు నేను పెంచుకుంటాను. 43 మంది తలా ఎకరంలో చెట్లు పెంచితే అది పచ్చదనం కాదా?

మడుగుపక్షి | సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇంటిపెద్ద గారూ, మీ ప్లాట్‌లో చెట్లు పెంచుతున్నందుకు సంతోషం. కానీ 43 తోటలు కలిపినా ఒక అడవి ముక్కతో సమానం కాదు. పక్షుల్నీ కప్పల్నీ చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను కాబట్టి ఈ తేడా చెప్పగలను.

పది ఎకరాల చదరపు ముక్కను ఒక్కచోట ఉంచితే దాని చుట్టుకొలత దాదాపు 800 మీటర్లు. అదే పది ఎకరాల్ని ఎకరం చొప్పున పది చదరాలుగా విడగొడితే చుట్టుకొలతలన్నీ కలిపి 2,500 మీటర్లు దాటుతుంది. విస్తీర్ణం అంతే, అంచు మాత్రం మూడింతలు. అంచు అంటే ఎండ లోపలికి దూరే చోటు, గాలి మట్టిని ఆరబెట్టే చోటు, పిల్లులూ కుక్కలూ వీధి దీపాల వెలుగూ చేరే చోటు, కలుపు తీగ మొదట అల్లుకునే చోటు. లోలోపల గూడు కట్టే పక్షులు అంచు దగ్గర బతకలేవు. ముక్క చిన్నదైన కొద్దీ అది మొత్తం అంచే అవుతుంది, లోపలంటూ ఏమీ మిగలదు. పైగా ప్రతి ప్లాట్‌కూ కంచె ఉంటుంది. కప్ప వానాకాలం మడుగుకు పోవాలి, ఎన్ని గోడలు దాటగలదు?

అందుకే వేపచెట్టు గారూ, శాతంతో పాటు 'ఒకే ముక్కగా, పక్క భూమిలోని ఖాళీ స్థలంతో కలిసేలా' అన్న షరతు పెట్టమనండి. కనీస వెడల్పు కూడా చెప్పమనండి. లేకపోతే ఇళ్ల వెనక పది అడుగుల పట్టీలు, రోడ్డు మధ్య డివైడర్, మలుపులో త్రికోణం ముక్క, అన్నీ ఏరి తెచ్చి శాతం నింపేస్తారు.

నాలుగో_సందు | సోమవారం, మధ్యాహ్నం 2:02

గోల్ఫ్ కోర్సుల్ని మరిచిపోకండి! అమెరికాలో చాలా కాలనీల్లో గోల్ఫ్ మైదానాన్నే ఓపెన్ స్పేస్‌గా లెక్కగట్టారు. ఆట నడవక మైదానం మూతపడితే, అక్కడ ఇళ్లు కడతామని యజమాని దరఖాస్తు పెడతాడు. పచ్చిక ఎదురుగా ఉంటుందని ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పాతబాట | సోమవారం, రాత్రి 8:20

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు, కొంచెం చరిత్ర చెప్పనివ్వండి.

1903లో ఇంగ్లండ్‌లో ఎబినేజర్ హోవర్డ్ ఆలోచన ప్రకారం లెచ్‌వర్త్ తోట నగరం మొదలుపెట్టినప్పుడే, ఊరి చుట్టూ ఇళ్లు కట్టని వ్యవసాయ భూమి ఉండాలన్నది అందులో ముఖ్య భాగం. ఊరు పెరిగితే ఆ భూమిని మింగకూడదు, దాటి అవతల ఇంకో ఊరు కట్టుకోవాలి. 1929లో న్యూజెర్సీలో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అనే ప్లానర్లు రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టారు. అక్కడ ఇళ్ల ముఖాలు పార్కు వైపు, వెనక వైపులు కార్ల సందు వైపు. పిల్లలు కార్ల రోడ్డు దాటే పని లేకుండా కింద నుంచి దారి వేశారు. 25 వేల మందికని మొదలుపెడితే ఆర్థిక మాంద్యం వచ్చి కొద్ది భాగంతోనే ఆగిపోయింది. కానీ ఆ కట్టిన భాగంలో పార్కులు నేటికీ ఉన్నాయి. కారణం ఏమిటంటే వాటిని ఎవరు చూసుకోవాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది ఇళ్ల పత్రాల్లోనే మొదటి రోజు నుంచి రాసి ఉంది. యజమానులు అసోసియేషన్‌కు రుసుం కడతారు, అసోసియేషన్ పార్కులు చూసుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 1970ల్లో మైఖేల్, జూడీ కార్బెట్ దంపతులు కట్టిన విలేజ్ హోమ్స్. 240 దాకా ఇళ్లు, ఎనిమిదేసి ఇళ్లకు ఒక ఉమ్మడి స్థలం, ఇరుకైన వీధులు, పండ్ల చెట్లు. వాన నీటిని గొట్టాల్లోకి పంపకుండా గడ్డి కాలువల గుండా నేలలోకి ఇంకిస్తారు. ఇది పనిచేయదని ఊరి ఇంజనీర్లు మొదట ఒప్పుకోలేదు. పనిచేసింది. ఖాళీ స్థలమే అక్కడ డ్రెయినేజీ కూడా. ఖాళీ స్థలానికి ఇలా ఒక పని అప్పజెప్పినచోట దాని జోలికి ఎవరూ తేలిగ్గా వెళ్లరని నా నమ్మకం.

పచ్చికబయలు | సోమవారం, రాత్రి 10:45

మొదటి రోజే పత్రాల్లో రాసి ఉండాలని పాతబాట గారు చెప్పిన మాట మా అనుభవంలో నూటికి నూరుపాళ్లు నిజం. ఇలాంటి గుంపు ఇళ్ల లేఅవుట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. అది మంచి వైపు నుంచీ చూశాను, చెడు వైపు నుంచీ చూశాను.

మంచి ముందు చెబుతాను. మా ప్లాట్ చిన్నదే. కానీ పెరటి తలుపు తీస్తే పన్నెండు ఎకరాల గడ్డినేల. ఇంటిపెద్ద గారు అడిగిన కిటికీ సంగతి మాకు పెద్ద సమస్య కాలేదు, ఎందుకంటే ఇళ్లు ఎదురెదురుగా కాకుండా బయలు వైపు తిరిగి ఉంటాయి. పిల్లలు అక్కడే పెరిగారు. మా నాన్నగారు కాలు విరిగి కోలుకుంటున్నప్పుడు మళ్లీ నడక నేర్చుకున్నది ఆ బయలు చుట్టూ ఉన్న కాలిబాట మీదే.

ఇక చెడు. బ్రోచర్‌లో ఆ బయలు పద్దెనిమిది ఎకరాలు. మొదటి ఏడాది పంపు గది కట్టారు. తర్వాత బిల్డర్ సైట్ ఆఫీసు 'తాత్కాలికంగా' వచ్చింది, ఇప్పటికీ ఉంది. తర్వాత బండ్ల పార్కింగ్. తర్వాత నీటి ట్యాంకు. ఆపైన మూల ముక్కను మూడు ప్లాట్లుగా చేసి అమ్మేశారు. అడగడానికి వెళ్తే, ఆ భూమి ఇంకా బిల్డర్ పేరునే ఉందనీ, నక్షాలో ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన హక్కు రాదనీ చెప్పారు. అసోసియేషన్ సమావేశంలో ఆ రోజు నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గుపడను. ఆరు ఎకరాలు పోయాక, మిగిలిన పన్నెండు ఎకరాల్లో ఇళ్లు కట్టకూడదని దస్తావేజు రిజిస్టర్ చేయించుకున్నాం.

సర్వే_గొలుసు | మంగళవారం, ఉదయం 6:50

పచ్చికబయలు గారూ, చదివి బాధ కలిగింది. అందరూ పడే గొయ్యి ఇదే. దీనికి విరుగుడు మొదటి ఇల్లు అమ్మకముందే జరిగిపోవాలి.

భూమి అసోసియేషన్ పేరున ఉండొచ్చు, స్థానిక సంస్థ పేరున ఉండొచ్చు, ఒక్కోసారి రైతు పేరునే ఉండి సాగులో కూడా ఉండొచ్చు. యజమాని ఎవరైనా సరే, ఆ భూమి మీద ఇళ్లు కట్టే హక్కును శాశ్వతంగా వదులుకుంటున్నట్టు ఒక దస్తావేజు రిజిస్టర్ చేయాలి. దాన్ని పరిరక్షణ ఈజ్‌మెంట్ అంటారు. భూమి చేతులు మారినా ఆ షరతు భూమితోనే వెళ్తుంది. దాన్ని అమలు చేయించే అధికారం యజమానికి కాకుండా మూడో మనిషికి ఉండాలి, సాధారణంగా ఒక భూ పరిరక్షణ ట్రస్ట్‌కు. అసలు కిటుకు అదే. అసోసియేషనే యజమాని, అసోసియేషనే కాపలాదారు అయితే ఏదో ఒక రోజు డబ్బు అవసరమై ఓటింగ్ పెట్టి అమ్మేస్తారు. ట్రస్ట్ వాళ్లు ఏడాదికోసారి వచ్చి హద్దులు నడిచి చూస్తారు, మొదటి రోజు తీసిన ఫొటోలతో పోల్చుకుంటారు.

మెయింటెనెన్స్ సంగతి కూడా రాయించండి. అసోసియేషన్ చూసుకోకపోతే స్థానిక సంస్థే ఆ పని చేయించి ఖర్చు ఇళ్ల యజమానుల నుంచి పన్నుతో పాటు వసూలు చేసుకునే అధికారం ఉండాలి. ఈ ఒక్క వాక్యం లేక ముళ్లపొదలైపోయిన పార్కులు ఎన్నో చూశాను.

తాపీ_మనిషి | మంగళవారం, ఉదయం 9:30

నేను బిల్డర్‌ని. అందరూ మమ్మల్నే అంటున్నారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి. నిజానికి గుంపు లేఅవుట్ మాకూ లాభమే. ప్లాట్ ముఖం, అంటే రోడ్డు వైపు వెడల్పు, సగానికి తగ్గితే రోడ్డు పొడవు ఆ మేరకు తగ్గుతుంది. రోడ్డుతో పాటు నీటి గొట్టం, కరెంటు లైను, వీధి దీపాలు, కల్వర్టులు తగ్గుతాయి. మట్టి చదును చేసే పని తగ్గుతుంది. బయలు వైపు ఉన్న ఇల్లు ముందుగా అమ్ముడుపోతుంది.

అయినా మేం ఎందుకు కట్టం? పర్మిషన్ దారి వల్ల. మామూలు ఎకరం లేఅవుట్ అయితే నిబంధనలు పాటించి దరఖాస్తు పెడితే చాలు, ఆమోదం హక్కుగా వస్తుంది. ఖాళీ స్థలం వదిలే లేఅవుట్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి, బహిరంగ విచారణలు, చివరిదాకా వస్తుందో రాదో తెలియని పరిస్థితి. భూమి మీద వడ్డీ రోజూ పెరుగుతూ ఉంటుంది. మీరు నా స్థానంలో ఉంటే ఏది ఎంచుకుంటారు? మీ ముసాయిదాలో ఈ భాగం ఎలా ఉందో చూడండి. మంచి లేఅవుట్‌ను మామూలు దారి చేసి, ఎకరం ముక్కలు కోసే దానికి ప్రత్యేక అనుమతి పెట్టమనండి. మా వాళ్లు వాళ్లంతట వాళ్లే ఇటు వస్తారు.

వేపచెట్టు | మంగళవారం, ఉదయం 10:12

ఇప్పుడే చూశాను తాపీ_మనిషి గారూ. మీరన్నట్టే ఉంది. ఖాళీ స్థలం లేఅవుట్‌కు రెండు విచారణలు, ఎకరం ప్లాట్లకు ఒక్కటీ లేదు. ఇది నా కంటికి ఆనలేదు. ధన్యవాదాలు.

అద్దెగది | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఇంతసేపూ కప్పల గురించీ, బయలు గురించీ మాట్లాడాం. మనుషుల గురించి కూడా ఒక మాట.

'ఇళ్ల సంఖ్య పెరగకూడదు' అన్న వాక్యం ఎవరికీ తప్పుగా అనిపించలేదా? 60 ఎకరాలకు 43 ఇళ్లంటే అవి ఎవరు కొనగలరు? కనీస ప్లాట్ సైజు పెంచి పేదవాళ్లను దూరం పెట్టడం జోనింగ్ చరిత్రలో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనల చరిత్రలో, మొదటి నుంచీ ఉంది. 1926లో యూక్లిడ్ అనే ఊరి జోనింగ్ మీద వచ్చిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌ను సమర్థిస్తూ, ఇళ్ల వీధిలో అపార్ట్‌మెంట్‌ను పరాన్నజీవి అంది. అద్దెకుండేవాళ్ల గురించి ఆ ఆలోచన ఇప్పటికీ నిబంధనల్లో దాక్కుని ఉంది. 36 ఎకరాల పచ్చిక మధ్య 43 సంపన్నుల ఇళ్లు కట్టి, బస్సు కూడా రాని చోట ఒక్కో ఇంటికి రెండు కార్లు పెట్టుకుని, దాన్ని ప్రకృతి పరిరక్షణ అంటే నేను ఒప్పుకోలేను.

ఖాళీ స్థలం వద్దనడం లేదు. చిన్న ఇంట్లో ఉండేవాళ్లకే అది ఎక్కువ అవసరం. ప్రతి ఇంటికీ 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం చెబుతుంది. అది గేటు లోపలి వాళ్లకే కాదు కదా.

సర్వే_గొలుసు | మంగళవారం, మధ్యాహ్నం 3:25

అద్దెగది గారి మాటలో న్యాయం ఉంది, నేను దాన్ని దాటేసినందుకు తప్పు నాదే. దీనికి నిబంధనల్లో దారి ఉంది, సాంద్రత బోనస్ అంటారు. కనీస శాతం కన్నా ఎక్కువ భూమి వదిలి, ఆ భూమిలోకి బయటివాళ్లను కూడా రానిచ్చి, కొన్ని ఇళ్లు తక్కువ ధరకో అద్దెకో ఇచ్చే బిల్డర్‌కు కొన్ని అదనపు ఇళ్లు. జంట ఇళ్లు, వరస ఇళ్లు కట్టనిస్తే అదే 24 ఎకరాల్లో అవి పడతాయి, పచ్చికలో ఒక్క గజం తగ్గదు. అయితే బోనస్ ఊరికే ఇవ్వకూడదు, చేసినదానికి ఇవ్వాలి.

ఊరికి దూరంగా ఎక్కడో గుంపు కడితే మాత్రం మీరన్న కార్ల సమస్యకు ఈ నిబంధన మందు కాదు. అది రోడ్లూ బస్సులూ ఉన్నచోటే ఇళ్లకు అనుమతిచ్చే పెద్ద ప్రణాళికలో తేలాలి.

ఇంటిపెద్ద | మంగళవారం, సాయంత్రం 6:00

చదువుతూనే ఉన్నాను. పచ్చికబయలు గారి నాన్నగారి మాట మనసులో నిలిచిపోయింది. నా ఎకరంలో మా అమ్మ నడవగలిగే చదునైన దారి లేదు. ఒక సందేహం: ప్లాట్లు చిన్నవైతే సెప్టిక్ ట్యాంకులు దగ్గర దగ్గరగా వస్తాయి కదా, బావులు పాడవ్వవా?

తాపీ_మనిషి | మంగళవారం, సాయంత్రం 6:40

మంచి ప్రశ్న. పాడవుతాయి, జాగ్రత్త పడకపోతే. మట్టి పరీక్ష ముందు చేయాలి. నీళ్లు బాగా ఇంకే నేల ఎక్కడుందో చూసి, అన్ని ఇళ్లకూ కలిపి ఒక శుద్ధి వ్యవస్థ పెట్టి, శుద్ధి చేసిన నీటిని ఖాళీ స్థలంలో భూమి కింద ఇంకించవచ్చు. నిబంధన దాన్ని అనుమతించాలి, కానీ ఆ భాగం ఖాళీ స్థలంలో చిన్న వంతు మించకూడదు. ఎండాకాలం మంటలు వచ్చే చోటైతే ఇంటి చుట్టూ ఎండుగడ్డి, పొదలు తీసేసే మేర కూడా ఉంచుకోవాలి. కాలిఫోర్నియాలో అది 100 అడుగులు.

పాతబాట | మంగళవారం, రాత్రి 9:10

మీ లేఖలో ఇంకొక్కటి చేర్చండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. అమెరికన్ ప్లానర్ రాండల్ అరెంట్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన వరస ఇది. మామూలుగా మనం ముందు రోడ్లు గీస్తాం, ప్లాట్లు కోస్తాం, మిగిలింది పార్కు అంటాం. ఆయన దాన్ని తిరగేశారు. మొదట కాపాడాల్సిన భూమిని గుర్తించాలి, ముంపు చిత్తడులే కాదు, మంచి చెట్లు, పాత బావి, పచ్చిక, దూరం దాకా కనిపించే దృశ్యం కూడా. రెండోది, ఇళ్లు ఎక్కడుంటే బాగుంటాయో చుక్కలు పెట్టాలి. మూడోది, ఆ చుక్కల్ని కలుపుతూ రోడ్లు, కాలిబాటలు. ప్లాట్ హద్దు గీతలు అన్నిటికన్నా చివర. ఆ మొదటి అడుగు బిల్డర్, ప్లానింగ్ అధికారులు, చుట్టుపక్కల వాళ్లు కలిసి ఆ నేల మీద నడిచి చేయాలి, టేబుల్ మీద కాదు. వేపచెట్టు గారూ, ఆ బీడు మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ నడకలో మీరుండాలి.

వేపచెట్టు | బుధవారం, ఉదయం 8:15

రాత్రంతా కూర్చుని రాశాను. నిబంధనను సమర్థిస్తున్నానని మొదటే చెప్పాను. కట్టలేని భూమి తీసేశాక మిగిలినదానిలో సగం, ఒకే ముక్కగా, పక్క పచ్చికలతో కలిసేలా వదలాలని అడిగాను. యీల్డ్ ప్లాన్ ముందే ఇవ్వాలన్నాను. అనుమతి దారులు తారుమారు చేయమన్నాను. చౌక ఇళ్లకు బోనస్ రాశాను, కాలిబాటలు అందరికీ తెరిచి ఉండాలని కూడా. నేల మీద నడక తప్పనిసరి చేయమన్నాను. ఆ వాగు గట్టున ఏ చెట్టు ఎక్కడుందో చేత్తో గీసిన పటం కూడా జతచేశాను.

ఈజ్‌మెంట్ వాక్యం ఇలా రాశాను, సరిచూడండి: 'లేఅవుట్ పూర్తయిన తర్వాత ఖాళీ స్థలంపై శాశ్వత పరిరక్షణ దస్తావేజు రిజిస్టర్ చేయాలి.'

పచ్చికబయలు | బుధవారం, ఉదయం 8:31

వేపచెట్టు గారూ, 'పూర్తయిన తర్వాత' కొట్టేయండి. మాకు ఆరు ఎకరాలు పోయింది సరిగ్గా ఆ మాట దగ్గరే. 'మొదటి ప్లాట్ అమ్మకానికి ముందు' అని రాయండి.

వేపచెట్టు | బుధవారం, ఉదయం 8:40

మార్చాను. ఇప్పుడే పంపుతున్నాను.